మంద కదిలేలోపు: పడమటి కర్నూలు కురువ స్త్రీలు, కాన్పులు, ఆపరేషన్లు

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల గొర్రెలు కాచే కురువల ఇళ్లలో ఏ పని పెట్టుకున్నా ముందు మంద సంగతి చూసుకోవాలి. తొలకరి పడి బీళ్లు పచ్చబడితే గొర్రెలు ఊరిపట్టునే మేస్తాయి. జొన్నకోతలు, పత్తి తీతలు ముగిసి కుంటలు అడుగంటాక మంద కదులుతుంది. తుంగభద్ర దిగువ కాలువ కిందికో, తూర్పున కర్నూలు–కడప కాలువ ఆయకట్టుకో, నది దాటి పాలమూరు వైపుకో సాగిపోతుంది. కొన్ని ఇళ్లలో మగవాళ్లే వెళ్తారు. కొన్ని ఇళ్లలో గిన్నెలు, కంబళ్లు, గొర్రెపిల్లలు, చంటిబిడ్డలతో సంసారమంతా వెళ్తుంది. పెళ్లి మాటలు, పురుళ్లు, పుట్టువెంట్రుకలు, ఆసుపత్రి పనులు అన్నీ ఈ రాకపోకల సందుల్లోనే చూసుకోవాలి. పిల్లలు ఇక చాలనుకొని ఆడవాళ్లు చేయించుకునే ఆపరేషన్ కూడా అంతే.

ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు పెళ్లయిన స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత ఎక్కువ లేదు. దీన్ని ప్రభుత్వ కార్యక్రమం సాధించిన విజయమని కొందరంటారు, టార్గెట్ల ఒత్తిడికి ఫలితమని కొందరంటారు. గొర్రెలకాపరి ఇళ్ల వైపు నుంచి గత నూటయాభై ఏళ్లను చూస్తే నాకు ఇంకో సంగతి కనిపిస్తుంది. కాన్పులు ఎప్పుడు ఆపాలన్న ఆలోచన ఈ ఇళ్లలో ఆపరేషన్ రాకముందు నుంచే ఉంది. ఆ ఆలోచనకు ఆపరేషన్ సరిగ్గా కుదిరింది. ఎప్పుడు మొదలుపెట్టాలి, బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎంత ఎడం ఉండాలి అన్న రెండు ప్రశ్నలను మాత్రం ఆడమనిషిని అడిగినవాళ్లు లేరు. ఇంట్లోనూ లేరు, ఆసుపత్రిలోనూ లేరు.

నిజాం 1800లో కంపెనీకి ఇచ్చేసిన దత్తమండలాల్లో ఆదోని ఒకటి. ఆ తర్వాత నూటయాభై ఏళ్ల పాటు అది బళ్లారి జిల్లాలో ఉండి, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరుతో కలిసి కర్నూలులోకి వచ్చింది. అందుకే ఇక్కడి కురువల ఇళ్లలో ఇప్పటికీ తెలుగు, కన్నడం కలగలిసి పలుకుతాయి. బీరప్ప గుడులు, గొరవయ్యలు, దసరానాటి దేవరగట్టు మాళ మల్లేశ్వరుడు, ఇవన్నీ తుంగభద్రకు ఇటూ అటూ ఒకే తీరుగా సాగుతాయి. పెళ్లిలో ఉన్ని కంకణం కట్టుకునేవాళ్లు, పత్తి కంకణం కట్టుకునేవాళ్లు అని కురువల్లో రెండు తెగలున్నాయని దొరల కాలపు పుస్తకాలు రాశాయి. నల్లరేగడిలో పత్తి, ఎర్రదుబ్బ బీళ్లలో గొర్రె. ఈ ప్రాంతపు బతుకంతా ఆ రెండు కంకణాల్లో ఉంది.

ఆ కాలంలో గొర్రెలకాపరి ఇంట ఆడమనిషి పని కాన్పుతో ఆగేది కాదు. ఉన్ని వడకడం ఆమె వంతు, కంబళి నేయడం మగవాడి వంతు. మందతో పోలేని పసి గొర్రెపిల్లల్ని దొడ్లో సాకేదీ ఆమే. మందకు ముందొకరు, వెనకొకరు నడవాలి. పిల్లతల్లుల్ని విడిగా తోలేందుకు ఓ కుర్రాడు కావాలి. రాత్రి పూట రైతు పొలంలో మంద ఆపితే పేడ, గంజు ఎరువుకు బదులు గింజలో డబ్బులో దక్కేవి. ఆ రాత్రంతా తోడేలుకూ దొంగకూ కాపలా పడుకోవాలి. ఇన్ని చేతుల పనికి కొడుకులు కావాలని ఇంటి పెద్దలు కోరుకోవడంలో వింతేముంది? ‘ఒక కన్ను కన్నూ కాదు, ఒక బిడ్డ బిడ్డా కాదు’ అన్న సామెత ఈ సీమలో ఊరికే నిలవలేదు.

పుట్టినవాళ్లంతా దక్కేవాళ్లూ కారు. 1876లో మొదలైన ధాత కరువు బళ్లారి, కర్నూలు జిల్లాలను ఊడ్చిపెట్టింది. 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. ముందు పశువులు పోయాయి, తర్వాత మనుషులు పోయారు. అలాంటి కాలంలో పుట్టేవాళ్లను తగ్గించుకోవాలన్న మాటకు తావే లేదు. పెళ్లయిన ఏడాదికి నీళ్లోసుకోని కోడలి మీద గొడ్రాలన్న నింద పడేది. మగడికి మారుపెళ్లి మాటలు మొదలయ్యేవి. ఈ భయం ఇవాళ్టికీ పోలేదు. తొలి కాన్పు వాయిదా వేసుకోమని చెప్పే ఏ సలహా అయినా ఇక్కడికొచ్చేసరికి ఈ భయాన్నే ఢీకొని వెనక్కి తగ్గుతుంది.

కొడుకు లేకపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు పాత బళ్లారి సీమ కనుక్కున్న జవాబు ఎంతో కఠినమైనది. బోయలలోనూ మరికొన్ని కులాల్లోనూ కొడుకుల్లేని ఇంట ఒక కూతుర్ని దేవుడికి వదిలి బసివిని చేసేవాళ్లు. ఆమెకు పెళ్లి ఉండదు. కొడుకులాగే ఆస్తికి వారసురాలవుతుంది, తండ్రికి కర్మకాండ చేస్తుంది. ఆమె పిల్లలు ఆ ఇంటి పేరే నిలబెడతారు. ఫ్రెడ్ ఫాసెట్ అనే పోలీసు అధికారి 1890ల మొదట్లోనే ఈ ఆచారం మీద వ్యాసం రాశాడు. పైకి ఇది ఆడపిల్లకు హక్కు ఇచ్చినట్టు కనిపిస్తుంది. అసలు జరిగింది ఇంటికి మగదిక్కు లేని లోటును ఒక పసిదాని ఒంటితో పూడ్చుకోవడం. మద్రాసు రాష్ట్రం 1947లో, ఆంధ్రప్రదేశ్ 1988లో ఈ అంకితాలను నిషేధిస్తూ చట్టాలు చేశాయి. కూతురికి కొడుకుతో సమానంగా పిత్రార్జితంలో వాటా ఇస్తూ 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన హిందూ వారసత్వ సవరణను కూడా ఈ వరసలోనే చూడాలి. ఎన్ని కాన్పులన్నది ఆస్తి ఎవరికి పోతుందన్న దానితో ముడిపడిన విషయమని పాత బసివి ఆచారం చెప్పినంత సూటిగా ఇంకేదీ చెప్పదు.

మరి కాన్పులు ఆపుకునే దారి అప్పట్లో అసలే లేదా? ఉంది. బిడ్డ రెండు మూడేళ్ల దాకా తల్లిపాలు తాగేది. మగవాళ్లు నెలల తరబడి మంద వెంట ఉండేవాళ్లు. ఎవరూ అనుకోకుండానే ఈ రెండూ కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం పెట్టేవి. వీటికి మించిన కట్టుబాటు ఇంకొకటి ఉంది. ఇంటికి కోడలొచ్చాక అత్త కడుపు పండకూడదు. అత్తాకోడళ్లు ఒకేసారి నీళ్లోసుకుంటే ఊరు నవ్వేది. కూతురు పురిటికొచ్చిన ఇంట్లో తల్లీ బాలింతగా ఉండటం తలవంపుగా ఉండేది. పదిహేను పదహారేళ్లకే పెళ్లిళ్లయ్యే చోట ముప్పై అయిదు దాటేలోపే ఆడమనిషి అత్త అవుతుంది. అక్కడికి ఆమె కాన్పుల కాలం ముగిసినట్టే. భార్యాభర్తలు పడక వేరు చేసుకునేవాళ్లు. మందులూ మాకులూ లేకుండా, కేవలం సిగ్గు మీద నడిచిన కుటుంబ నియంత్రణ ఇది. సిగ్గు అంటే సమాజపు మాటే కదా. ఆపే గడియను ఆడమనిషి ఎంచుకోలేదు, అల్లుడో కోడలో వచ్చి నిర్ణయించేవాళ్లు.

ప్రభుత్వం ఈ రంగంలోకి దిగింది ఇరవయ్యో శతాబ్దంలోనే. బళ్లారికి ఆనుకొనే ఉన్న మైసూరు సంస్థానం 1930లో సర్కారీ ఆసుపత్రుల్లో సంతాన నిరోధ క్లినిక్కులు తెరవమని ఉత్తర్వులిచ్చి ప్రపంచానికే ముందు నడిచింది. మద్రాసు నగరంలో అప్పటికే ఈ విషయం మీద సంఘం ఒకటి పనిచేస్తోంది. ఆ మాటలేవీ ఆదోని తాలూకా గొర్రెల దొడ్ల దాకా రాలేదు. 1952లో భారత ప్రభుత్వం కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమంగా చేపట్టింది. అరవైల నడుమ లూప్ వచ్చింది, ఆ తర్వాత నిరోధ్ వచ్చింది, గోడల మీద ఎర్ర త్రికోణం వెలిసింది. బుర్రకథలు, నాటకాలు, రేడియో మాటలు ఊళ్లను చుట్టేశాయి. ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లకు ఆ ప్రచారం త్వరగానే చేరింది. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘంతో ఆ ఊరు ఎదిగింది. నేతగాడి ఇల్లాలు మగ్గం పక్కనే ఉంటుంది కాబట్టి నర్సమ్మ ఎప్పుడొచ్చినా దొరుకుతుంది. కురువ ఇల్లాలు దొరకదు. నర్సమ్మ రెండోసారి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంటుంది, లేదా ముసలవ్వ ఒక్కతే గుమ్మంలో కూర్చుని ఉంటుంది. లూప్ వేసుకుంటే మళ్లీ చూపించుకోవాలి, మాత్రలైతే నెలనెలా తెచ్చుకోవాలి. కదిలే బతుక్కి ఆ రెండూ కుదరలేదు.

అరవైల్లో, డెబ్బైల మొదట్లో మగవాళ్ల ఆపరేషన్లే ఎక్కువ. ఎమర్జెన్సీ వచ్చి ఆ దారిని మూసేసింది. 1976–77 ఒక్క ఏడాదిలో దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, అందులో దాదాపు 62 లక్షలు మగవాళ్లవి. టీచరు, గ్రామోద్యోగి, గుమాస్తా ఇలా ఎవరికి వాళ్లకు ఇన్ని ‘కేసులు’ తేవాలని లెక్క పెట్టారు. జీతాలు, అప్పులు, బదిలీలు ఆ లెక్కకు వేలాడాయి. మర్నాటి ఏడాది ఆపరేషన్లన్నీ కలిపినా పది లక్షలకు చేరలేదు. కార్యక్రమం పేరును కుటుంబ సంక్షేమంగా మార్చారు. మగవాళ్ల మనసుల్లో నాటుకున్న భయం మాత్రం పోలేదు. రోజుకు కోసుల దూరం నడిచేవాడికి, గొర్రెను ఎత్తి భుజాన వేసుకునేవాడికి, రాత్రి కాపలా కాసేవాడికి ఒళ్లే పెట్టుబడి. ఆపరేషన్ చేయించుకుంటే నడుం పడిపోతుంది, బరువు ఎత్తలేడు అన్న మాట కాపరుల్లో గట్టిగా పాతుకుపోయింది. వైద్యం చెప్పేది వేరు. మగవాడికి కోత చిన్నది, ప్రమాదం తక్కువ, రెండు మూడు రోజుల్లో తేలిక పనిలోకి పోవచ్చు. అయినా ఇప్పుడు రాష్ట్రంలో మగవాళ్ల ఆపరేషన్లు అర శాతమైనా లేవు. బరువంతా ఆడవాళ్ల మీదికి వచ్చింది.

ఎనభైల నుంచి ఆ బరువు ఎలా దిగిందో కొంచెం దగ్గరగా చూడాలి. ల్యాపరోస్కోపీ వచ్చాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆ పద్ధతి ఆపరేషన్లకు డీపీఎల్ క్యాంపులు మొదలయ్యాయి. క్యాంపు రోజున తెల్లవారకముందే జీపు వచ్చేది. ఆడవాళ్లు ముందు రాత్రి నుంచీ మెతుకు ముట్టకుండా, చంకలో చంటిబిడ్డతో, వెంట అమ్మో అత్తో రాగా బయల్దేరేవాళ్లు. వసారాలో చాపల మీద వరసగా కూర్చోబెట్టి రక్తం చూసి, సూది వేసేవాళ్లు. డాక్టరు మధ్యాహ్నానికి వస్తే ఒక్కొక్కరికీ కొద్ది నిమిషాల్లో పని ముగిసేది. బొడ్డు దగ్గర చిన్న గాటు, కడుపులోకి గాలి, గొట్టాలకు రింగు. మత్తు దిగీ దిగకముందే అదే వసారాలో పడుకోబెట్టేవాళ్లు. సాయంత్రానికి జీపు మళ్లీ ఊరికి. డబ్బులు చేతికొచ్చేవి, కొన్ని మాత్రల పొట్లాలూ వచ్చేవి. వెంట వచ్చిన అమ్మే నర్సు, ఆమే ఆయా.

తర్వాతి నెల సంగతే అసలు కథ. బరువులు ఎత్తకూడదని చెప్పి పంపేవాళ్లు. పడమటి మండలాల్లో కుళాయి నీళ్లు రోజుల తరబడి రాని ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. బోరింగు నుంచో ట్యాంకు నుంచో బిందె ఎత్తుకు రావాలి. గొర్రెపిల్లలకు మేత కోసుకురావాలి, దొడ్డి ఊడవాలి, రొట్టెలు తట్టాలి. కాబట్టి ఆపరేషన్ ఎప్పుడన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇంట్లో ముందు తేలాల్సింది నెల రోజులు బిందె ఎవరు ఎత్తుతారన్నదే. ఎత్తడానికి ఒప్పుకున్న మనిషిదే అసలు మాట. అత్త ఒప్పుకుంటే అత్తది, ఆడబిడ్డ వస్తే ఆడబిడ్డది, తోడికోడలు పూనుకుంటే ఆమెది. ఎవరూ లేకపోతే చివరి కాన్పుకు పుట్టింటికి పోయినప్పుడే, తల్లి చేతికింద, పనిలో పనిగా చేయించుకుని వచ్చేవాళ్లు. నిబంధనల ప్రకారం ఆమెకు భర్త సంతకం అక్కర్లేదు. సర్కారుకు అక్కర్లేని ఆ ఒప్పుదల ఇంట్లో మాత్రం కావాలి. మగడు మంద దగ్గర ఉంటే కబురు పోయి తిరిగి రావడానికి వారాలు పట్టే రోజుల్లో, అతని తరఫున తలూపేది అతని తల్లే.

దక్షిణాది ఇళ్లలో ఆ తల్లి పరాయిది కాకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగింట ఒకటికి పైగా పెళ్లిళ్లు రక్తసంబంధంలోనివే. మేనరికం అయితే అత్త అంటే నాన్న అక్కో చెల్లెలో, మేనమామను చేసుకుంటే సొంత అమ్మమ్మే. గొర్రెలు చేతులు మారకుండా ఇంట్లోనే ఉంచుకునే మార్గంగా మేనరికం సాగింది. ఆ పెళ్లిళ్లకు తమ నష్టాలూ ఉన్నాయి, బిడ్డలకు వచ్చే జబ్బుల సంగతి డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. కానీ మేనకోడలు నొప్పులు పడటం కళ్లారా చూసిన మేనత్త, ఇక చాల్లే అనడానికి తొందరగానే వస్తుంది. ఎనభై, తొంభైల్లో ఈ సీమలో జరిగిన పెద్ద మార్పు ఇదేనని నా నమ్మకం. నర్సమ్మ ప్రచారం కంటే, గోడ మీది త్రికోణం కంటే, అత్త పక్షం మారడం ఎక్కువ పనిచేసింది. కోడలొచ్చాక అత్త ఆపుకోవాలన్న పాత కట్టుబాటు ఉండనే ఉంది. ఆ ఆపే గడియ ముప్పై అయిదు నుంచి ఇరవై రెండుకు జరిగింది.

ఎందుకు జరిగిందన్నదానికి చాలామంది పండితులు తలలు పట్టుకున్నారు. ఆడవాళ్ల చదువు పెరిగితేనే కాన్పులు తగ్గుతాయని కేరళను చూపించి చెప్పిన సిద్ధాంతం ఆంధ్రలో నిలవలేదు. స్త్రీల అక్షరాస్యత అంతంత మాత్రంగా ఉండగానే సంతాన సాఫల్య రేటు 1992–93 నాటి 2.6 నుంచి 2005–06కు 1.8కి పడిపోయింది. కె.ఎస్. జేమ్స్ వంటి జనాభా శాస్త్రజ్ఞులు 1999లోనే ఈ చిక్కు మీద రాశారు. కర్నూలు జిల్లాలో 2011 నాటికి కూడా ఆడవాళ్లలో సగం మందికే చదవను రాయను వచ్చు. కోసిగి, కౌతాళం, హొళగుంద వైపు అంతకంటే తక్కువే. మరి చదువు రాని తల్లి ఎందుకు ఆపుకుంది?

తర్వాత పి.హెచ్. రెడ్డితో కలిసి కర్ణాటక పల్లెల్లోనూ పరిశోధన చేసిన ఆస్ట్రేలియా జనాభా శాస్త్రవేత్త జాన్ కాల్డ్‌వెల్ ఒక మాట చెప్పాడు. పిల్లలు తల్లిదండ్రులకు పెట్టినంత కాలం కాన్పులు ఎక్కువ, తల్లిదండ్రులు పిల్లలకు పెట్టాల్సి వచ్చినప్పుడు తక్కువ. కురువ ఇళ్లలో ఆ తిరుగుడు కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. నల్ల ఉన్నికి ధర పోయింది. కత్తిరించిన కూలి కూడా రాని ఉన్నిని పారబోసే రోజులొచ్చాయి. వడికే పని ఆడవాళ్ల చేతుల్లోంచి జారిపోయింది. మాంసానికి ధర పెరిగి గొర్రెలు మాత్రం తగ్గలేదు. 2019 పశుగణన ప్రకారం రాష్ట్రంలో కోటీ 76 లక్షల గొర్రెలున్నాయి, తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం. తగ్గింది బీడు. కాలువ నీళ్లు పారిన చోట పొలాలు మూడు కారులకూ పచ్చగా ఉండి మందకు దారి ఇవ్వవు. కాపరికి చేతులు కావాల్సి వస్తే జీతగాణ్ణి పెట్టుకోవచ్చు, కొడుకును బడికి పంపాలి. బడికి పంపిన కొడుకు గొర్రెల వెంట రాడు. ఇద్దరు చాలు, ఒకడు మందకు, ఒకడు చదువుకు అనుకున్న ఇళ్లు ఎన్నో.

బిడ్డలు బతకడం మొదలైందన్నది అంతకంటే పెద్ద సంగతి. ఎనభైల మొదట్లో రాష్ట్రంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 80 మందికి పైగా ఏడాదిలోపే పోయేవాళ్లు. 2020 నాటికి అది 24. టీకాలు 1985 నుంచి ఊరూరికీ వచ్చాయి. పోయిన బిడ్డల్ని లెక్కబెట్టుకుంటూ బతికిన అవ్వలు, మనవలు దక్కుతారని నమ్మాకే కోడళ్లను ఆపుకోనిచ్చారు. సర్కారు లెక్కల్లో ఈ నమ్మకానికి ఒక గడి లేదు. నా దృష్టిలో అన్నిటికంటే బలమైన కారణం ఇదే.

మందా బీడూ సరిపోని ఇళ్లు కూలికి దిగాయి. దీన్ని ఇక్కడ సుగ్గికి పోవడమంటారు. మిరప కోతలకూ పత్తి తీతలకూ గుంటూరు వైపు ఆదోని, కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు ఊళ్లకు ఊళ్లే ఖాళీ అవుతాయి. అక్కడ ఆడవాళ్లు ఒకే గుడారంలో వేరే ఊళ్ల ఆడవాళ్లతో పడుకుంటారు, మాట్లాడుకుంటారు. ఎవరికి ఎంతమంది, ఎవరు ఎప్పుడు చేయించుకున్నారు, నొప్పి ఎన్నాళ్లుంది అన్నీ అక్కడే తెలుస్తాయి. తర్వాత డ్వాక్రా సంఘాలు వచ్చి ఆ మాటలకు నెలనెలా ఒక చోటు ఇచ్చాయి. మరోవైపు తొంభైల చివర నుంచి కర్నూలు జిల్లాలో సీడు పత్తి సాగు పెరిగింది. పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి చిన్న ఆడపిల్లల వేళ్లే కావాలని ముందే అప్పులిచ్చి మాట్లాడుకునేవాళ్లు. ఏడెనిమిదేళ్ల పిల్లలు బడి మాని పొద్దున్నే పూల చుట్టూ తిరిగారు. ఆడపిల్ల కూలి తెస్తున్న ఆ కాలంలోనూ కాన్పులు పెరగలేదు. బిడ్డ సంపాదన మాత్రమే కాన్పుల్ని నడిపిస్తుందనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి దగ్గర ఆగి ఆలోచించాలి. కొడుకు కోసం మూడో కాన్పు చూసిన ఇళ్లు ఉన్నాయి, కూతురి కూలి కోసం చూసిన ఇళ్లు లేవు.

ఇంకో కాపరి దేశంతో పోలిస్తే మన సంగతి తేటపడుతుంది. కెన్యా ఈశాన్యంలో ఒంటెలూ మేకలూ తోలుకు తిరిగే సోమాలీ కాపరులుండే మండేరా, వాజిర్ కౌంటీల్లో 2022 సర్వే ప్రకారం ఆధునిక పద్ధతులు వాడే పెళ్లయిన స్త్రీలు నూటికి ఇద్దరు ముగ్గురే. మండేరాలో ఒక్కో స్త్రీకి సగటున 7.7 మంది పిల్లలు. అక్కడ ఎక్కువ పిల్లల్ని వంశానికి బలంగా చూస్తారు. మత పెద్దలు ఆపడాన్ని తప్పుబట్టినా, ఎడం పెట్టడాన్ని చాలామంది ఒప్పుకుంటారు. మన సీమలో అంతా తిరగబడింది. ఆపడానికి అందరూ ఒప్పుకుంటారు, ఎడం పెట్టడం గురించి ఎవరికీ పట్టదు. కాపరి బతుకు ఒక్కటే కాన్పుల లెక్కను తేల్చదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ బతుకు చుట్టూ ఉన్న ఊరు, బడి, ఆసుపత్రి, అత్తగారు తేలుస్తారు.

ఎడం లేకపోవడానికి చెల్లించిన ధర చిన్నది కాదు. 2019–21 సర్వే నాటికి రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులు లేదా గర్భవతులు. మంద కదలకముందే పిల్ల పెళ్లి చేసేస్తే ఒక బెంగ తీరుతుందనుకునే ఇళ్లు ఈ లెక్కలో ఉన్నాయి. పదిహేడుకు ఒక బిడ్డ, పందొమ్మిదికి ఇంకొకటి, ఇరవై ఒకటికి ఆపరేషన్. సర్కారు నియమం ఇరవై రెండు నిండాలంటుంది, ఆ వయసు కాగితం మీద నిండుతుంది. రక్తహీనత తేరుకునేలోపే రెండో కడుపు. ఆపరేషనయ్యాక బిడ్డ పోతే, మగడు పోయి మళ్లీ పెళ్లి మాట వస్తే, ఏం చేయాలో ఎవరూ చెప్పరు. గొట్టాలు తిరిగి కలిపే ఆపరేషన్ ఉందని తెలిసినవాళ్లు కొద్దిమందే. ముప్పై దాటేసరికి తెల్లబట్ట, నడుం నొప్పి, అధిక రక్తస్రావం. పిల్లలు ఇక వద్దు కదా, సంచి తీసేయిద్దామనే మాట సులువుగా వస్తుంది. దేశంలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ, నూటికి దాదాపు తొమ్మిది మంది. పిల్లలు కనే అవయవంగా మాత్రమే ఆడదాని కడుపును చూసిన ఇల్లూ ఆసుపత్రీ ఆ పని అయిపోగానే దాన్ని తీసి పారేయడానికి వెనుకాడలేదు. ఈ లెక్క చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

క్యాంపుల తీరు మీద దేశమంతా ఉలిక్కిపడింది 2014 నవంబరులో, ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ జిల్లాలో ఆపరేషన్ల తర్వాత పదమూడు మందికి పైగా స్త్రీలు చనిపోయినప్పుడు. దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో తీర్పిస్తూ మూడేళ్లలో క్యాంపుల పద్ధతిని ఎత్తేయమంది. కాన్పులు ఆసుపత్రుల్లోనే జరగడం, 108 వాహనాలు, ఆశా కార్యకర్తలు వచ్చాక పడమటి మండలాల్లోనూ ఆపరేషన్ ఎక్కువగా ఆదోని, ఎమ్మిగనూరు ఆసుపత్రుల్లో కాన్పుతో పాటే ముగుస్తోంది. మంచిదే. కాని కాన్పు బల్ల మీద, నొప్పుల మధ్య అడిగే ప్రశ్నకు వచ్చే జవాబు ఎంతవరకు ఆమెది?

పైన ప్రభుత్వం మాట మాత్రం గిర్రున తిరిగింది. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లను ఎన్నికలకు అనర్హుల్ని చేసింది. సర్పంచి పదవులు ఆడవాళ్లకు వచ్చిన కాలంలోనే ఆ నియమం వచ్చింది. కొడుకు కోసం మూడో కాన్పు చూడమని ఒత్తిడి పెట్టిన ఇల్లే పోటీకి దిగే రోజున ఆ మూడో బిడ్డను ఆమె తప్పుగా చూపించింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం జనాభా విధానం ప్రకటించింది. మళ్లీ ఆయన ప్రభుత్వమే 2024 నవంబరులో ఆ ఇద్దరు పిల్లల నియమాన్ని రద్దు చేయించింది. జనం తగ్గుతున్నారు, ముసలివాళ్లు పెరుగుతున్నారు, ఎక్కువమందిని కనండి అన్న పిలుపూ వచ్చింది. ముప్పై ఏళ్లలో ఆపమన్న నోరే కనమంటోంది. రెండుసార్లూ మాట్లాడింది జనాభా లెక్క గురించే. హాలహర్వి పక్కనో కౌతాళం పక్కనో పదిహేడేళ్ల బాలింతకు ఈ రెండో పిలుపుతో వచ్చే కొత్త సౌకర్యమేదీ నాకు కనబడలేదు.

ఎడం పెట్టే మందులు ఇప్పుడు లేవని కాదు. 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో అంతర సూది, ఛాయ మాత్ర ఉచితంగా ఇస్తున్నారు. ఆ ఛాయలో ఉన్న మందును కనుక్కున్నది లక్నోలోని మన పరిశోధనశాలే. అయినా రాష్ట్రంలో మాత్రలు, లూప్, కండోమ్, సూది అన్నీ కలిపినా వాడేవాళ్లు రెండు శాతం దాటరు. కురువ ఇల్లాలి విషయంలో అడ్డంకి ఏమిటో తేలిగ్గానే తెలుస్తుంది. సూది మూడు నెలలకోసారి వేయించుకోవాలి. జనవరిలో ఎమ్మిగనూరులో వేయించుకున్న సూదికి తర్వాతి తేదీ ఏప్రిల్లో పడుతుంది. ఏప్రిల్లో ఆమె నంద్యాల వైపు ఏదో కాలువ గట్టున, కోత కోసిన పొలంలో మంద పక్కన ఉంటుంది. అది ఇప్పుడు వేరే జిల్లా కూడా. అక్కడి ఆశా కార్యకర్త జాబితాలో ఆమె పేరు ఉండదు, ఆమె కార్డు ఊళ్లో పెట్టెలో ఉంటుంది. గొర్రెలకు టీకాలు వేసే పశువైద్య శాఖకు మందలు ఏ నెలలో ఎక్కడుంటాయో తెలుసు. ఆ దారి జాబితాను ఆరోగ్య శాఖకు ఇచ్చి, దారిలోని ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఆమె కార్డుకు సూది వేయమని ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. పెద్ద ఖర్చు కాదు. పెళ్లయిన కొత్తలో, తొలి బిడ్డ పుట్టాక ఆ సూది వేయించుకోవచ్చని ఆమెకూ, ఆమె అత్తకూ కలిపి ఒకేసారి, వాళ్ల మాటలో, మంద ఊళ్లో ఉన్న వానాకాలంలోనే చెప్పాలి.